ఎక్సలేటర్ తొక్కినా పికప్ లాగట్లేదా? డీజిల్ పంపు విప్పించే ముందు వరసగా ఇవి చూసుకోండి

బెంగళూరు కె.ఆర్.పురం నుంచి హొస్కోట, కోలారు మీదుగా ములబాగిలు దాకా పాత మద్రాసు రోడ్డు మీద తిరిగే పికప్‌లలో మన తెలుగువాళ్ల బండ్లు చాలా కనిపిస్తాయి. పోయేటప్పుడు ఖాళీ క్రేట్లు, వచ్చేటప్పుడు మదనపల్లె టమాటా. నాదీ అలాంటి బండే. 2009 మోడల్ డీజిల్ పికప్, అయిదు గేర్లు, ఎక్సలేటర్‌కి కేబుల్.

రెండేళ్ల కిందట ఒక రాత్రి లోడుతో వస్తుంటే, కోలారు ఇవతల చిన్న మిట్ట ఎక్కేటప్పుడు పాదం నేలకి ఆనింది కానీ బండి నలభై దాటలేదు. మర్నాడు ఒక షెడ్డులో చూపిస్తే బానెట్ ఎత్తి రెండు నిమిషాలు విని "పంపు పోయింది" అన్నారు. పంపు దించారు. ఎనిమిది రోజులు బండి నిలబడింది. తిరిగి బిగించాక మొదటి మిట్ట దగ్గరే మళ్లీ అదే కథ. చివరికి దొరికిన లోపం ఏమిటంటే, ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు పైపులో, క్లిప్పు బిగించిన చోట, గోటి అంచంత చీలిక. కొత్త పైపు రెండు వందల లోపే వచ్చింది.

అప్పటినుంచి నేను పెట్టుకున్న వరస ఒకటే. పెడల్ దగ్గర మొదలుపెట్టాలి, పంపు దగ్గర ఆగాలి. మధ్యలో ఏదీ వదలకూడదు. ఇది కేబుల్ ఎక్సలేటర్, మెకానికల్ పంపు ఉన్న పాత డీజిల్ పికప్‌ల గురించి. సెన్సర్ పెడల్ ఉన్న బండ్ల గురించి చివర్లో కొంచెం చెబుతాను.

ముందు ప్రాణం సంగతి

నడుస్తున్న బండిలో ఎక్సలేటర్ ఇరుక్కుని రేజ్ (ఇంజన్ తిరిగే వేగం) దిగకపోతే ఏం చేయాలో ఇప్పుడే మనసులో పెట్టుకోండి. ఆ క్షణంలో ఆలోచించే టైమ్ ఉండదు. ముందు క్లచ్ పూర్తిగా తొక్కండి. గేర్ న్యూట్రల్‌కి తెచ్చి, బ్రేక్ ఒకే పట్టున గట్టిగా తొక్కండి. పదే పదే తొక్కి వదలకండి. బ్రేక్ బూస్టర్‌కి కావలసిన వాక్యూమ్ ఇంజన్ తిరుగుతుంటేనే తయారవుతుంది, ఇంజన్ ఆగాక రెండు మూడు తొక్కులకే అది అయిపోయి పెడల్ రాయిలా గట్టిపడుతుంది. ఇంజన్ ఎంత అరిచినా కంగారు పడకుండా బండిని పక్కకి తీయండి, ఆగాకే కీ ఆఫ్ చేయండి. బండి కదులుతుండగా కీ బయటికి లాగితే స్టీరింగ్ లాక్ అయిపోతుంది.

ఇంకో రకం ఉంది, ఇంకా భయంకరం. కీ తీసినా, స్టాప్ నాబ్ లాగినా ఇంజన్ ఆగదు, తనంతట తానే రేజ్ పెరిగిపోతుంది, వెనక తెల్లగానో నీలంగానో పొగ కమ్మేస్తుంది. ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే టర్బో సీల్ పోయి ఇంజన్ ఆయిలే లోపలికి పీల్చుకుని మండిస్తున్నదన్నమాట. మాన్యువల్ గేర్ బండి కాబట్టి మనకో దారి ఉంది. బ్రేక్ గట్టిగా తొక్కి పట్టుకుని, టాప్ గేర్ వేసి, క్లచ్ ఒక్కసారిగా వదిలేయాలి. ఇంజన్ చచ్చిపోతుంది. అలా కుదరకపోతే గాలి పీల్చే పైపు నోటికి చెక్క పలక అడ్డం పెట్టాలి. చెయ్యి మాత్రం పెట్టకండి. ఇంజన్ ఆగాక ఆ బండిని మళ్లీ స్టార్ట్ చేయకుండా కట్టి లాక్కెళ్లండి.

లోపం ఏ ఇంట్లో ఉందో తేల్చుకోండి

పాత డీజిల్ బండ్లలో చాలావాటికి పెట్రోలు బండిలాగా గాలి దారిలో తెరుచుకుని మూసుకునే రేకు ఉండదు. మనం పెడల్ తొక్కితే కేబుల్ వెళ్లి డీజిల్ పంపు మీదున్న లివర్‌ని లాగుతుంది. లివర్ ఎంత తిరిగితే ఆ మేరకు పంపు లోపల గవర్నర్ అనే భాగం డీజిల్ పెంచుతుంది. కాబట్టి "ఎక్సలేటర్ పని చేయట్లేదు" అనే మాటలో మూడు వేరు వేరు లోపాలు దాగి ఉంటాయి. కాలి మాట పంపుకి చేరకపోవడం ఒకటి. చేరినా డీజిలో గాలో సరిపోకపోవడం రెండోది. ఇంజన్ బాగానే తిరుగుతున్నా ఆ బలం చక్రాలకి అందకపోవడం మూడోది.

మూడోదాన్ని ముందే తీసేయండి, సులువు. నాలుగో గేరులో మిట్ట ఎక్కుతూ తొక్కినప్పుడు ఇంజన్ శబ్దం పెరిగి బండి వేగం పెరగకపోతే అది క్లచ్ జారడం. తేల్చుకోవడానికి చదునైన చోట హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, బండి ముందు ఎవరూ లేకుండా చూసుకుని, మూడో గేరులో కొంచెం రేజ్ ఇచ్చి క్లచ్ నెమ్మదిగా వదలండి. ఇంజన్ అణిగి ఆగిపోతే క్లచ్ బాగుంది. ఆగకుండా తిరుగుతూనే ఉంటే క్లచ్ ప్లేట్ అరిగింది, ఇక డీజిల్ దారి వెతకక్కర్లేదు. ఈ పరీక్ష ఒక్కసారి చాలు, మళ్లీ మళ్లీ చేస్తే ప్లేట్ కాలుతుంది.

బ్రేకులు పట్టేసినా బండి ఇలాగే బరువుగా ఉంటుంది. పది కిలోమీటర్లు నడిపి ఆపాక ఒక్కో చక్రం దగ్గర చెయ్యి దూరంగా పెట్టి వేడి చూడండి. ఒక చక్రం మిగతా మూడింటికంటే సెగలు కక్కుతుంటే లోపం అక్కడుంది.

ఈ రెండూ కాకపోతే ఒక కాగితం తీసి రాసుకోండి. లోపం చల్లగా ఉన్నప్పుడు వస్తుందా, వేడెక్కాకా? ఖాళీ బండికా, లోడుకా? ట్యాంకు నిండుగా ఉన్నప్పుడా, సగం కిందకి దిగాకా? ఈమధ్య బండికి ఏ పని చేయించారు? చివరి ప్రశ్నకి జవాబు చాలాసార్లు లోపాన్నే చూపిస్తుంది, ఎందుకో కింద చెబుతాను.

పెడల్ నుంచి లివర్ దాకా

ఇంజన్ ఆపేసి పని మొదలుపెట్టండి. ముందు కాళ్ల కింద మ్యాట్ తీసి బయట పడేయండి. మందపాటి రబ్బరు మ్యాట్ మడత పడి పెడల్ కింద చేరితే బండి సగమే లాగుతుంది, పెడల్ మీదకెక్కితే రేజ్ దిగదు.

తర్వాత ఇద్దరు కావాలి. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ చివరిదాకా తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు బానెట్ కింద పంపు లివర్ చూడాలి. నాకు మా బావమరిది సాయం వస్తాడు. "తొక్కు, ఇంకా తొక్కు, అంతేనా?" అంటే "అంతే బావా, నేలకి ఆనింది" అంటాడు. అప్పుడు లివర్ వెళ్లి ఆగవలసిన చోట ఒక స్క్రూ తల కనిపిస్తుంది. లివర్ దానికి తగిలి ఉండాలి. మధ్యలో రూపాయి బిళ్ల దూరేంత సందు ఉన్నా మీ పాదం అడిగిన పూర్తి డీజిల్ పంపు ఇవ్వట్లేదన్నమాట. ఆ సందుని వేలితో నెట్టి మూయగలిగితే పంపుది తప్పు కాదు, కేబుల్ సాగింది. కేబుల్ చివర అడ్జస్టర్ నట్లు రెండు ఉంటాయి, వాటితో వదులు తీయండి. మొత్తం బిగించేయకండి. పెడల్ వదిలినప్పుడు కేబుల్లో రెండు మూడు మిల్లీమీటర్ల వదులు మిగలాలి, లేకపోతే స్లో స్పీడ్ (పెడల్ తొక్కనప్పుడు ఇంజన్ తిరిగే వేగం) ఎప్పుడూ ఎక్కువగానే ఉంటుంది.

పెడల్ బిగుసుగా ఉన్నా, రేజ్ ఆలస్యంగా దిగుతున్నా లివర్ దగ్గర కేబుల్ ఊడదీయండి. ఇప్పుడు లివర్‌ని వేలితో తిప్పి వదిలితే స్ప్రింగ్ దెబ్బకి టక్కున వెనక్కి రావాలి. అది బాగుంటే కేబుల్‌ని అటూ ఇటూ లాగి చూడండి, తర్వాత పెడల్‌ని కేబుల్ లేకుండా ఆడించండి. మూడు ముక్కలూ విడివిడిగా చూస్తే దొంగ ఎవరో అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

కేబుల్ దగ్గర కాస్త ఆగి చూడండి, తొందరపడొద్దు. పెడల్ వైపు చివర చిన్న లోహపు గుండు ఉంటుంది. దాని పక్కన అరంగుళం మేర టార్చి వేసి చూడండి. సన్నటి తీగలు జడ పేనినట్టు ఉంటాయి. వాటిలో రెండు మూడు తెగి చీపురు పుల్లల్లా బయటికి లేచి ఉంటే, ఆ పుల్లలే తొడుగు అంచుకి గుచ్చుకుని పెడల్‌ని పట్టేస్తున్నాయి. నూనె పోస్తే రెండు రోజులు బాగుంటుంది, మూడో రోజు ఎక్కడో ఫ్లైఓవర్ మీద పూర్తిగా తెగుతుంది. కేబుల్ మార్చండి. లోపల నైలాన్ పూత ఉన్న కేబుల్‌కి గ్రీజు కూడా పెట్టకండి. దుమ్ము చేరి ముద్దయిపోతుంది.

తొడుగు పొడవునా వేళ్లతో తడుముతూ పోండి. మా బావమరిది బండి పొద్దున కె.ఆర్.పురంలో బ్రహ్మాండంగా ఉండేది, హొస్కోట చేరేసరికి రేజ్ దిగేది కాదు. అరగంట ఆపితే మళ్లీ బాగయ్యేది. తడిమితే ఒక చోట తొడుగు నున్నగా, మెరుస్తూ, చప్పిడిగా తగిలింది. అంతకు నెల ముందు హెడ్ గ్యాస్కెట్ పని చేయించాడు. బిగించేటప్పుడు కేబుల్‌ని పాత క్లిప్పులో పెట్టలేదు. అది జారి వెళ్లి ఇంజన్ పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి ఆనింది, వేడికి లోపలి ప్లాస్టిక్ కరిగి తీగని పట్టేసింది. "ఈమధ్య ఏ పని చేయించారు" అని అడగమన్నది ఇందుకే. వేడెక్కాకే వచ్చే ఇరుకు అయితే ముందు ఇక్కడే వెతకండి.

రేజ్ దిగట్లేదని లివర్‌కి ఇంకో స్ప్రింగ్ తగిలించే అలవాటు కొందరికి ఉంది. దయచేసి వద్దు. ఇరుకు అలాగే ఉంటుంది, కాలికి నొప్పి, కేబుల్‌కి ఆయుష్షు తక్కువ.

కొత్త కేబుల్ కొనడానికి జె.సి.రోడ్డుకో కలాసిపాళ్యానికో వెళ్తే పాతది చేతిలో పట్టుకుని వెళ్లండి. ఒకే మోడల్ బండికి ఏడాదిని బట్టి పొడవులు మారుతుంటాయి. కౌంటర్ మీద రెండూ పక్కపక్కన పరిచి, తొడుగు పొడవు, లోపలి తీగ పొడవు రెండూ కొలుచుకున్నాకే డబ్బులివ్వండి.

పొగ రంగు చూడండి

లివర్ పూర్తిగా తిరుగుతోంది, అయినా లాగట్లేదు అంటే లోడుతో మిట్ట ఎక్కిస్తూ అద్దంలో పొగ చూడండి. నల్లపొగ కక్కుతూ లాగకపోతే డీజిల్ వస్తోంది, గాలి చాలట్లేదు. పొగ అసలు లేకుండా లాగకపోతే డీజిలే రావట్లేదు. ఈ ఒక్క తేడా గుర్తుంటే సగం ఖర్చు తప్పుతుంది.

నేను పరీక్షకి కె.ఆర్.పురం తీగల వంతెన ఎక్కిస్తాను, తెల్లవారుజామున అయిదింటికి, ట్రాఫిక్ లేనప్పుడు. ఎప్పుడూ అదే ఎత్తు, అదే గేరు, దాదాపు అదే బరువు. అప్పుడే నిన్నటికీ ఇవాళ్టికీ పోల్చుకోగలం.

నల్లపొగ అయితే మొదట ఎయిర్ ఫిల్టర్. ఈ ఊళ్లో ఎటు చూసినా కట్టడాలే, మెట్రో పనులే, ఆ దుమ్మంతా ఫిల్టర్‌లోకే. దులిపి పెట్టుకోకుండా కొత్తది వేసి చూడండి. టర్బో ఉన్న బండికైతే టర్బో నుంచి ఇంజన్‌కి వెళ్లే లావు రబ్బరు పైపుల్ని వంచి, మడతల లోపల చూడండి. ఖాళీగా రేజ్ చేస్తే మూసుకుని ఉండే చీలిక, లోడు మీద ఒత్తిడి పెరిగినప్పుడే తెరుచుకుంటుంది. చీలిక చుట్టూ నూనె తడి, దాని మీద దుమ్ము అంటుకుని ఉంటుంది, అదే గుర్తు.

చెన్నై నుంచి టర్బో లేని పాత బండి కొని తెచ్చుకున్నవాళ్లకి ఒక మాట. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడి గాలి సాంద్రత చెన్నై గాలికంటే దాదాపు పదో వంతు తక్కువ. పలమనేరు వైపు ఘాటు ఎక్కి వచ్చాక బండి కాస్త మందంగా, పొగ కాస్త ఎక్కువగా అనిపిస్తే అంతా లోపమే అనుకోవద్దు.

ట్యాంకు నుంచి పంపు దాకా

పొగ లేదు, లాగుడూ లేదు. ఇదే నా బండికి వచ్చింది. స్లో స్పీడ్‌లో ఇంజన్ ఊయల ఊగినట్టు పెరిగి తగ్గుతుంటే, పొద్దున స్టార్ట్ కావడానికి ఎక్కువసేపు తిప్పాల్సి వస్తుంటే, డీజిల్లో గాలి కలుస్తోందని అనుమానించండి.

ముందు ట్యాంకు మూత. అరగంట నడిపాక మూత తిప్పితే గాలి బుస్సున లోపలికి పోయిందంటే, మూతకున్న సన్న రంధ్రం మూసుకుపోయింది. ట్యాంకులో వాక్యూమ్ పట్టి డీజిల్ రావట్లేదు. మూత కడిగితే సరిపోతుంది.

తర్వాత ఫిల్టర్ అడుగున ఉన్న స్క్రూ వదులు చేసి, ఒక గాజు సీసాలోకి కొంచెం డీజిల్ దించండి. పది నిమిషాలు కదపకుండా పెట్టండి. నీళ్లుంటే అడుగున వేరే పొరగా తేరుతాయి. అప్పుడు ఫిల్టర్ మార్చి, పైన బ్లీడ్ స్క్రూ వదిలి, హ్యాండ్ పంపు కొడుతూ నురగ ఆగి నిండు డీజిల్ ధార వచ్చేదాకా గాలి తీయండి. వాషర్లు కొత్తవే వేయండి. నలిగిన పాత వాషర్ దగ్గరే మళ్లీ గాలి దూరుతుంది.

ఇక పైపులు. ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు దాకా ఉన్న దారిలో డీజిల్ ఒత్తిడితో నెట్టబడదు, పీల్చబడుతుంది. అందుకే చీలిక ఉన్నా బయటికి చుక్క కారదు. లోపలికి గాలి మాత్రం పోతుంది. నా బండి దగ్గర నలుగురు చూసి "లీకేజీ లేదు" అని వెళ్లిపోయింది ఇందువల్లే. కంటితో దొరకనప్పుడు ఫిల్టర్‌కి ముందు ఒక అడుగు పారదర్శకమైన డీజిల్ పైపు ముక్క తాత్కాలికంగా కలపండి. ఇంజన్ తిరుగుతుండగా అందులో బుడగలు వరసగా పరిగెత్తుతూ కనిపిస్తే గాలి ట్యాంకు వైపు నుంచే వస్తోంది.

అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష డబ్బా పరీక్ష. శుభ్రమైన అయిదు లీటర్ల డబ్బాలో డీజిల్ పోసి, బానెట్ ఎత్తులో కదలకుండా కట్టి, పాత ఫిల్టర్‌నీ ట్యాంకునీ తప్పించి, కొత్త ఫిల్టర్ ద్వారా దాని నుంచే పంపుకి పైపు ఇవ్వండి. మిగిలిన డీజిల్ వెనక్కి పోయే రిటర్న్ పైపు కూడా ఆ డబ్బాలోకే వదలండి. సైలెన్సర్ పైపుకి దూరంగా ఉండాలి, చుట్టుపక్కల బీడీ, సిగరెట్ ఉండకూడదు. డబ్బా మీద ఇంజన్ మంచిగా తిరిగి, రేజ్‌కి వెంటనే స్పందిస్తే పంపు బాగుంది, లోపం దాని వెనకాలే ఉంది. డబ్బా మీద కూడా అదే జబ్బు ఉంటేనే పంపు, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్ల వైపు చూడాలి. నా బండికి ఈ పరీక్ష ఎవరూ చేయలేదు. ఇరవై నిమిషాల పని అది.

గతుకుల్లో ఒక్క క్షణం ఇంజన్ ఆగి మళ్లీ అందుకుంటుంటే, పంపు మీదున్న స్టాప్ సోలెనాయిడ్ (కీ ఆఫ్ చేస్తే డీజిల్ ఆపేది) వైరు చూడండి. కీ ఆన్ చేయగానే అక్కడ టిక్కుమనాలి. వైరు చివర వదులుగా ఉంటే గట్టిగా నొక్కి పెట్టండి.

పంపు, నాజిళ్లు

ఇంజన్ మిస్సింగ్ కొడుతుంటే మెకానిక్ స్లో స్పీడ్‌లో ఒక్కో నాజిల్ యూనియన్ నట్ కొద్దిగా వదిలి చూస్తాడు. వదిలినప్పుడు శబ్దం మారని సిలిండర్‌లోనే లోపం. గుడ్డ కప్పి చేయాలి, ధారకి అడ్డంగా చెయ్యి పోకూడదు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. కంప్యూటర్‌తో నడిచే కొత్త రకం కామన్ రైల్ ఇంజన్‌కి ఈ పని ఎప్పుడూ చేయకూడదు, అక్కడ ఒత్తిడి వెయ్యి బార్ దాటుతుంది.

పంపు మీద మీరు ముట్టుకోదగ్గది స్లో స్పీడ్ స్క్రూ ఒక్కటే, అదీ ఇంజన్ బాగా వేడెక్కాక, మాన్యువల్‌లో ఇచ్చిన అంకెకి. లివర్ వెళ్లి తగిలే మాక్స్ స్పీడ్ స్క్రూ, డీజిల్ మోతాదు తేల్చే ఫుల్ లోడ్ స్క్రూ, రెండూ సీలు వేసి ఉంటాయి. "కొంచెం తిప్పితే పికప్ వస్తుంది" అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. మోతాదు పెంచితే ముందు నల్లపొగ, తర్వాత పిస్టన్ కాలడం. పొల్యూషన్ చెక్‌లో బీఎస్ 3, అంతకు ముందు డీజిల్ బండ్లకి పొగ మీటరు మీద అంకె 65 దాటకూడదు, అక్కడా ఫెయిలవుతారు.

నిజంగా పంపే అయితే, పంపుని తిప్పి డీజిల్ కొలిచే టెస్ట్ బెంచ్ ఉన్న చోటికే ఇవ్వండి. ఈ విషయంలో బెంగళూరు అదృష్టం చేసుకున్న ఊరు. ఇప్పుడు బాష్ అని పిలిచే కంపెనీ 1951లో మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ (పొట్టిగా మైకో) పేరుతో మొదలై, ఆడుగోడిలో దశాబ్దాలపాటు డీజిల్ పంపులు, స్పార్క్ ప్లగ్గులు తయారు చేసింది. 2008 దాకా అదే పేరు. పాత మెకానిక్‌లు ఇప్పటికీ "మైకో పంపు" అనే అంటారు. ఆ పని తెలిసిన చేతులు ఈ ఊళ్లో ఇంకా ఉన్నాయి. పంపు ఇచ్చేటప్పుడు, విప్పకముందు బెంచ్ మీద వచ్చిన రీడింగ్, సెట్ చేశాక వచ్చిన రీడింగ్ రెండూ కాగితం మీద రాసివ్వమని అడగండి. మీ ఎదురుగానే సీలు వేయమనండి.

సెన్సర్ పెడల్ ఉన్న బండ్లకి కేబుల్ ఉండదు. పెడల్ దగ్గర రెండు సిగ్నళ్లు పుట్టి కంప్యూటర్‌కి వెళ్తాయి, రెండూ ఒకదానితో ఒకటి పొసగకపోతే ఇంజన్ తనని తాను కాపాడుకోవడానికి రేజ్‌ని తక్కువలోనే ఆపేస్తుంది. చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. స్కానర్ పెట్టించి కోడ్ చదివించండి, కానీ పెడల్ మార్చే ముందు దాని కనెక్టర్ ఊడదీసి పచ్చబడిన పిన్నులు, నీటి చెమ్మ చూసుకోండి. పెడల్‌ని మెల్లగా తొక్కుతూ ఉంటే స్కానర్ మీద అంకె కూడా మెల్లగా పెరగాలి. మధ్యలో సున్నాకి పడి లేస్తే ఆ చోట సెన్సర్ ట్రాక్ అరిగింది.

ఏ పని చేయించినా బండి తీసుకున్న వెంటనే లోడు ఒప్పుకోకండి. ఖాళీ బండితో వంతెన ఒకసారి ఎక్కించండి, రెండు రోజులు ఊళ్లోనే తిప్పండి. మూడో రోజు పొద్దున బానెట్ ఎత్తి, విప్పి బిగించిన ప్రతి నట్ కిందా పాత న్యూస్‌పేపర్ ముక్క అద్దండి. తడి అంటకపోతే, రాత్రంతా నిలబెట్టిన బండి మొదటి తిప్పుకే అందుకుంటే, మదనపల్లెకి ఫోన్ చేసి క్రేట్లు సిద్ధం చేయమనండి.